ఎవరూ వినని పాటల కోసం నాలుగు రోజులు

మొదటి రోజు, గురువారం: మాంచెస్టర్

పికడిల్లీ స్టేషన్‌లో రైలు దిగేసరికి సాయంత్రం అయిదు దాటింది. మార్చి మొదటి వారం. సన్నగా వాన పడుతూనే ఉంది. విట్‌వర్త్ వీధి అక్కడికి దగ్గరే కాబట్టి బ్యాగు భుజాన వేసుకుని నేరుగా అటే నడిచాను. చూడడానికి ఏమీ మిగల్లేదని ముందే తెలుసు. ట్విస్టెడ్ వీల్ అనే క్లబ్బు ఉన్న పాత భవనాన్ని పడగొట్టి ఆ చోట హోటల్ కట్టేశారు. అయినా తడుస్తూ ఆ ఫుట్‌పాత్ మీద కాసేపు నిలబడ్డాను.

1965 నుంచి 1971 జనవరి దాకా ఈ చోట శనివారం రాత్రి మొదలైన డ్యాన్సు ఆదివారం తెల్లారేదాకా సాగేది. వచ్చేవాళ్లు ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్లలో ఫ్యాక్టరీ పనులు చేసుకునే పిల్లలు. వాళ్లు ఆడింది అమెరికా నల్లజాతి గాయకుల సోల్ పాటలకు. అందులోనూ పెద్ద హిట్లకు కాదు. డెట్రాయిట్‌లోనో షికాగోలోనో ఏ చిన్న కంపెనీయో కొన్ని వందల రికార్డులు వేసి, అమ్ముడుపోక వదిలేసిన పాటలకు. రోజులు మారి సోల్ సంగీతం నెమ్మదించి ఫంక్ అనే కొత్త శైలి వైపు మళ్లినా, ఉత్తర ఇంగ్లండ్ వాళ్లు మాత్రం అరవైల మధ్యనాటి ఆ పరుగు తాళాన్ని వదల్లేదు. లండన్‌లో సోల్ సిటీ అనే రికార్డుల షాపు నడిపిన డేవ్ గాడిన్ దీన్ని గమనించాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం లండన్ వచ్చిన ఉత్తరాది కుర్రాళ్లు షాపుకొచ్చి కొత్త పాటలు అడక్కుండా పాతవే అడుగుతున్నారని ఆయన దానికి ఒక పేరు పెట్టాడు. నార్తర్న్ సోల్. ఆ పేరే నిలిచింది.

నాకు ఇదంతా ఎలా అంటుకుందో చెప్పాలి. మా నాన్న తెనాలిలో మైక్‌సెట్ షాపు నడిపారు. పెళ్లి పందిళ్లు, శ్రీరామనవమి, వినాయక చవితి. కొబ్బరిచెట్టుకు కట్టిన గొట్టం స్పీకరు, కింద బల్ల మీద రికార్డు ప్లేయరు, పక్కన రేకుపెట్టెలో రికార్డులు. నా చిన్నతనమంతా ఆ పెట్టె పక్కనే గడిచింది. లండన్‌లో ఉద్యోగంలో చేరాక, మా ఆఫీసు బిల్డింగుకు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఒక పెద్దాయన ఒకరోజు లంచ్ టైములో ఈ సంగతి విన్నాడు. మర్నాడు ఒక సీడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులోని పాటలన్నీ రికార్డ్ చేసిన రోజుల్లో బయటికి రానివే. టేపుల్లో ఇరవై, ముప్ఫై ఏళ్లు పడి ఉండి తర్వాత వెలుగు చూసినవి. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన రిటైరై సొంతూరు స్టోక్‌కు వెళ్లిపోయి మూడేళ్లయింది. "ఒక శనివారం మా ఊరు రా" అని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. ఈ ప్రయాణం అందుకే.

రాత్రికి స్టేషన్ దగ్గరే బస.

రెండో రోజు, శుక్రవారం: విగన్

మాంచెస్టర్ నుంచి విగన్‌కు రైల్లో గంట కూడా పట్టదు. ఒకప్పుడు బొగ్గు గనులకూ నూలు మిల్లులకూ పేరున్న ఊరు. స్టేషన్ బయట ఒక ముసలావిడను "క్యాసినో ఎక్కడ ఉండేదండీ?" అని అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వి, దారి చెప్పడానికి బదులు తనే నడిపించుకుంటూ తీసుకెళ్లింది. చివరికి ఒక షాపింగ్ మాల్ ముందు ఆగి, "ఇదంతా" అని చేత్తో చూపించింది. ఆమె అక్కడికి డ్యాన్సుకు వెళ్లేదా అని అడిగితే, "వెళ్లనివాళ్లు ఎవరు?" అంది.

పేరు క్యాసినో అయినా అక్కడ జూదం ఏమీ లేదు, అదీ నార్తర్న్ సోల్ డ్యాన్సు క్లబ్బే. అంతకుముందు అది ఎంప్రెస్ బాల్‌రూమ్ అనే నాట్యశాల. 1973 సెప్టెంబరు 23న మొదటి ఆల్‌నైటర్, 1981 డిసెంబరు 6న చివరిది. ఆల్‌నైటర్ అంటే మన భాషలో జాగారమే. బ్రిటన్ నలుమూలల నుంచీ బస్సుల్లో, రైళ్లలో వచ్చేవాళ్లు. భుజాన ఒక బ్యాగు, అందులో మార్చుకోవడానికి ఒక జత బట్టలు, తువ్వాలు, కాళ్లు జారడానికి నేల మీద చల్లుకునే టాల్కం పౌడరు. లోపల మద్యం అమ్మేవాళ్లు కాదు. తెల్లవారి ఎనిమిదికి ముందు ప్రతిసారీ అవే మూడు పాటలు అదే వరుసలో వేసి ముగించేవాళ్లు. పాడినవాళ్లు టోబీ లెజెండ్, జిమ్మీ రాడ్‌క్లిఫ్, డీన్ ప్యారిష్. ఆ మూడు రికార్డులూ అమెరికాలో ఎవరికీ పట్టనివి. మన గుళ్లో పవళింపు సేవకు పాడే పాట మారనట్టే ఇవీ మారలేదు. మూసేసిన కొన్నాళ్లకే భవనంలో నిప్పంటుకుంది, ఆపైన పడగొట్టారు. 2007లో ఆ చోటే ఈ గ్రాండ్ ఆర్కేడ్ తెరిచారు.

మాల్‌లో ఒక బెంచీ మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ మూడు పాటలూ వరుసగా విన్నాను. చుట్టూ పిల్లల బళ్లు తోసుకుంటూ తల్లులు. ఎవరికీ నా గోల పట్టలేదు.

క్యాసినో గురించి మాట్లాడితే ఫ్రాంక్ విల్సన్ కథ చెప్పకుండా ఉండలేం. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీలో పాటలు రాసి, చేయించే ఉద్యోగి ఆయన. 1965లో ఒక పాట తనే పాడాడు, ‘డూ ఐ లవ్ యూ’. రేడియోలకు పంపే డెమో రికార్డులు సుమారు 250 వేశారు. ఈలోగా కంపెనీ యజమాని బెర్రీ గార్డీ, గాయకుడిగా ఉంటావా, ప్రొడ్యూసర్‌గా ఉంటావా తేల్చుకోమన్నాడట. విల్సన్ ప్రొడ్యూసర్‌గా ఉండిపోయాడు. వేసిన డెమోలను నాశనం చేశారు. పదేళ్లు దాటాక మోటౌన్ దస్త్రాల్లో మిగిలిన ఒక రికార్డు ఎలాగో ఇంగ్లండ్‌కు చేరింది. క్యాసినోలో దాన్ని ఎడ్డీ ఫాస్టర్ అనే వేరే పేరుతో వేశారు. 1979లో ఇంగ్లండ్‌లో మోటౌన్ పాటలు వేసే టామ్లా మోటౌన్ లేబుల్ వాళ్లు దాన్ని అధికారికంగా విడుదల చేశారు. ఇక ఆ అసలు 1965 డెమో రికార్డు ఒకటి 2009లో పాతికవేల పౌండ్లకు పైగా పలికింది. 2020లో లక్ష పౌండ్లకు చేతులు మారింది.

ఈ లక్ష పౌండ్ల మాటే అందరూ చెప్పుకుంటారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ వేరే పేరు. దీన్ని ఇక్కడ కవర్-అప్ అంటారు. ఒక డీజేకి ఎవరి దగ్గరా లేని రికార్డు దొరికితే, దాని లేబుల్ మీద తెల్ల కాగితం అంటించి, గాయకుడికి ఏదో పేరు పెట్టి వేసేవాడు. అసలు పేరు తెలిస్తే మిగతా డీజేలు వెతికి కొనేస్తారని భయం. మా నాన్నకీ ఈ పోటీ తెలుసు. విజయవాడ నుంచి కొత్త సినిమా రికార్డు తెచ్చుకుంటే, ఎదురు షాపువాడికి తెలియకుండా పందిట్లో వేసేదాకా దాచేవారు. కానీ పాడిన మనిషి పేరు మార్చెయ్యడం నాకు మనసొప్పదు. ఆ పాటకు వందలమంది ఆడుతుంటే, పాడిన మనిషి సముద్రం అవతల ఏదో ఉద్యోగం చేసుకుంటూ, తన పాట చచ్చిపోయిందనుకుంటూ బతికాడు. ఆ రికార్డులను దొంగచాటుగా అచ్చువేసి అమ్మినవాళ్లూ ఉన్నారు. వాళ్ల వల్ల గాయకులకు పైసా చేరలేదు. ఈ సంగీతాన్ని ప్రేమించేవాళ్లు ఈ తప్పును ఒప్పుకుని తీరాలి.

సాయంత్రం బయల్దేరే ముందు అంకుల్ జోస్ మింట్ బాల్స్ ఒక డబ్బా కొన్నాను. 1898 నుంచి ఈ ఊళ్లోనే చేస్తున్న పిప్పరమెంటు బిళ్లలు. పెద్దాయన ప్రత్యేకంగా తెమ్మన్నాడు.

మూడో రోజు, శనివారం: స్టోక్

స్టోక్-ఆన్-ట్రెంట్ ఒక ఊరు కాదు, ఆరు ఊళ్లు కలిసిన నగరం. పింగాణీ పని వీళ్ల కులవృత్తి లాంటిది. పెద్దాయన స్టేషన్‌కు కారు తెచ్చాడు. నన్ను చూసి చెయ్యి కలపబోయి, మళ్లీ మనసు మార్చుకుని గట్టిగా కౌగిలించుకున్నాడు. "ముందు నీకు నేను పుట్టిన చోటు చూపిస్తాను" అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తాడేమో అనుకున్నాను. టన్‌స్టల్ అనే ఊళ్లో హోజ్ వీధికి తీసుకెళ్లాడు.

అక్కడ గోల్డెన్ టార్చ్ అనే క్లబ్బు ఉండేది. ఇప్పుడు ఆ భవనం లేదు. పదహారేళ్ల వయసులో, 1972లో, ఇంట్లో అబద్ధం చెప్పి ఆయన మొదటిసారి రాత్రంతా గడిపిన చోటు. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా సోల్ గాయకుడు మేజర్ లాన్స్ వచ్చి ఇక్కడ పాడాడు. ఆ కచేరీని రికార్డ్ చేసి ఎల్‌పీగా కూడా వేశారు. "లోపల గోడల మీంచి చెమట కారేది. ఆయన పాడుతుంటే మేము ఒక్క మాట తప్పకుండా వెంట పాడాం. ఆయన మొహం చూడాలి నువ్వు. తన దేశంలో తనను మర్చిపోయారు, ఇక్కడ పింగాణీ బట్టీల పిల్లలకు తన పాటలన్నీ నోటికొచ్చు." ఇది చెప్తూ ఆయన గొంతు బరువెక్కింది. 1973లో టార్చ్ మూతపడింది. క్యాసినో మొదలైందీ ఆ ఏడే.

మధ్యాహ్నం పడుకోమన్నాడు. నిద్ర రాలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆల్‌నైటర్ జరిగే కింగ్స్ హాల్‌కు వెళ్లాం. స్టోక్ టౌన్‌హాల్ భవనంలోనే ఉంది. ఎత్తయిన పైకప్పు, విశాలమైన చెక్క నేల. నార్తర్న్ సోల్ వాళ్లకు ఈ నేల మీద చాలా గురి.

లోపలికి వెళ్లగానే మొదట తగిలింది వాసన. టాల్కం పౌడరు, కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కాలు, పాత రికార్డుల అట్టపెట్టెలు. అరవై, డెబ్బై ఏళ్ల వాళ్లే ఎక్కువ. మధ్యమధ్య పాతికేళ్ల పిల్లలు కూడా కనిపించారు, ఆ కాలపు వెడల్పు ప్యాంట్లతో, గుండ్రంగా తిరిగే స్కర్టులతో. ఇక్కడ జంటలుగా ఆడరు. ఎవరికి వాళ్లే. నడుం పైభాగం దాదాపు కదలదు, కాళ్లు మాత్రం నేల మీద జారుతూ పక్కలకు పోతాయి. పాట మధ్యలో వాద్యాల విరుపు రాగానే ఒకరు గిర్రున తిరుగుతారు, ఒకరు వెనక్కి నేల మీదికి వాలి చేత్తో ఆపుకుని లేస్తారు. కొన్ని పాటల్లో ఒకానొక దెబ్బ దగ్గర హాలంతా ఒక్కసారి చప్పట్లు కొడుతుంది. ఎవరూ సైగ చెయ్యరు. ఎప్పుడు కొట్టాలో అందరికీ తెలుసు. ఆ ఒక్క చప్పట్ల మోతకు నా ఒళ్లు జలదరించింది. భజన మందిరంలో చిడతలు ఒక్కసారిగా పడినప్పుడు అలాగే ఉండేది నాకు.

నేను మొదటి రెండు గంటలు గోడ పక్కనే ఉన్నాను. పెద్దాయన నన్ను వదిలేసి నేల మధ్యలోకి వెళ్లిపోయాడు. మోకాలి నొప్పి అని పొద్దుటినుంచి నాలుగుసార్లు చెప్పిన మనిషి, గ్లోరియా జోన్స్ పాడిన ‘టెయింటెడ్ లవ్’ మొదలవగానే ఆ సంగతే మర్చిపోయాడు. ఆ పాటది కూడా ఇదే దారి. అరవైల మధ్యలో ఒక సింగిల్‌కు రెండోవైపు వేసి వదిలేసిన పాట. 1973లో రిచర్డ్ సెర్లింగ్ అనే కుర్రాడు ఫిలడెల్ఫియాలో పాత రికార్డుల మధ్య దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. 1981లో సాఫ్ట్ సెల్ అనే బృందం మళ్లీ పాడితే ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది. ఆ కొత్త పాట ప్రపంచానికంతా తెలుసు. ఈ హాల్లో మాత్రం గ్లోరియా జోన్స్ పాటకే లేస్తారు.

అర్ధరాత్రి దాటాక మెట్ల దగ్గర రికార్డులు అమ్మే బల్లల వైపు వెళ్లాను. 45 ఆర్‌పీఎం చిన్న రికార్డులు, పెట్టెల నిండా. ఒకాయన నాకు ఓపిగ్గా నేర్పించాడు. కంపెనీ నేరుగా వేసిన రికార్డు ఒరిజినల్. రేడియోలకు పంపినది డెమో. అసలు అచ్చులోకే వెళ్లకుండా, స్టూడియోలో విని చూసుకోవడానికి ఒకటో రెండో కోసినది అసిటేట్. "మొదటి రెండూ డబ్బుంటే కొనుక్కోవచ్చు. మూడోది నిన్ను వెతుక్కుంటూ రావాలి" అన్నాడు.

మూడింటికి ఒక పాట వచ్చింది. ఎవరిదో నాకు తెలియదు. వయొలిన్లు, గట్టి బేస్, ఆపైన ఒక ఆడగొంతు. నేను గోడ వదిలి నేల మీదికి నడిచాను. ఎవరూ నా వైపు చూడలేదు. అక్కడ ఎవరూ ఎవరి వైపూ చూడరు. తెల్లారేదాకా నేను మళ్లీ గోడ దగ్గరికి రాలేదు.

నాలుగో రోజు, ఆదివారం: ఆముదం

మధ్యాహ్నం రెండింటికి లేచాం. ఆవిడ, అంటే పెద్దాయన భార్య, గుడ్లు, బీన్సు, ఓట్‌కేక్‌లు పెట్టింది. ఈ ఊరి ఓట్‌కేక్ మెత్తగా పలచగా ఉంటుంది, అచ్చం పెసరట్టు లాగే చుట్టుకుని తింటారు. పచ్చిమిర్చి ఒకటి దొరికితే ఇల్లే అనుకునేవాణ్ణి.

తిన్నాక నన్ను మేడ మీద చిన్న గదికి తీసుకెళ్లాడు. ఒక గోడ నిండా రికార్డులు. ఆయన అటు చూడనైనా లేదు. బీరువా పైనుంచి ఒక అట్టపెట్టె దించి, అందులోంచి గుడ్డలో చుట్టినది తీశాడు. పది అంగుళాల నల్లటి పళ్లెం, ఒక అసిటేట్. చేతిలో పెడితే బరువుగా ఉంది. లోపల అల్యూమినియం, పైన నల్లటి లక్క లాంటి పూత. ఈ పూత మెత్తబడడానికి అందులో ఆముదం కలిపేవాళ్లని ఆయన చెప్పినప్పుడు నాకు చాలా ఆనందమేసింది. మన పెరటి ఆముదం చెట్టుకూ అమెరికాలో ఒక స్టూడియోకూ మధ్య ఆ సంబంధం. కానీ అదే దీనికి శాపం కూడా. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనెలోని కొవ్వు తెల్లటి పొడిలా పైకి తేలుతుంది, ఆపైన పూత పెళుసెక్కి పగిలిపోతుంది. ముల్లు పెట్టిన ప్రతిసారీ గాడి కొంచెం అరుగుతుంది. వందసార్లు వినడానికి చేసిన వస్తువు కాదిది.

లేబుల్ మీద పెన్సిల్‌తో ఒక స్టూడియో పనివాడి రాత. పాట పేరు ఒక్కటే. గాయని పేరు లేదు. డెట్రాయిట్ వైపు నుంచి వచ్చిన ఒక పెట్టెలో ఇరవై ఏళ్ల క్రితం దొరికిందట. అప్పటినుంచీ ఎందరినో అడిగాడు. విన్నవాళ్లంతా ఒక్కో పేరు చెప్పారు, ఏదీ తేలలేదు. "నేనే ఒక పేరు పెట్టి వేసి ఉండొచ్చు, కవర్-అప్‌గా. పెట్టలేదు. ఆమెకు పేరుంది. మనకు తెలియదంతే" అన్నాడు. నేను విగన్‌లో అనుకున్నది ఈయనకు ఎలా తెలిసిందా అనిపించింది.

అసలు ఒక పాట ఎందుకు బయటికి రాదు? నేను చాలాకాలం బాగా లేకే అనుకునేవాణ్ణి. అలా కానే కాదు. మోటౌన్‌లో శుక్రవారం శుక్రవారం మీటింగు పెట్టుకుని, వచ్చిన పాటల్లో ఏది వెయ్యాలో ఓటేసి తేల్చేవాళ్లు. అక్కడ ఓడిన పాటలు టేపుల్లోనే ఉండిపోయాయి. ఇంకొన్ని కంపెనీ చేతులు మారడం వల్ల, డబ్బుల్లేక, గాయనికి యజమానితో పడక ఆగిపోయాయి. మెల్బా మూర్ 1966లో మ్యూజికర్ కంపెనీకి ‘ది మ్యాజిక్ టచ్’ పాడింది. వాళ్లు వెయ్యలేదు. ఆమె న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేకు వెళ్లి 1970లో టోనీ అవార్డు తెచ్చుకుంది. ఈ పాట మాత్రం టేపులోనే ఉంది. దాదాపు ఇరవై ఏళ్లకు లండన్‌లోని ఏస్ రికార్డ్స్ వారి కెంట్ లేబుల్ తరఫున ఏడీ క్రోస్‌డెల్ ఆ టేపులు తిరగేస్తుంటే దొరికింది. 1986లో విడుదలైంది. ఈ రోజు నార్తర్న్ సోల్‌లో దానికంటే ఇష్టమైన పాట చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. క్రోస్‌డెల్ ఇలాగే సెప్టర్, వాండ్ కంపెనీల టేపుల్లోంచి చక్ జాక్సన్ అనే గాయకుడి పాటలు తీశాడు. డెట్రాయిట్‌లో డేవ్ హామిల్టన్ అనే సంగీతకారుడు 1994లో చనిపోయాక ఆయన దాచిన టేపులనూ బయటికి తెచ్చాడు. లైసెన్సు తీసుకుని, ఎవరు పాడారో ఎవరు వాయించారో కూపీ లాగి, కథతో సహా అచ్చువేస్తారు వాళ్లు. నాకు ఆఫీసులో ఇచ్చిన మొదటి సీడీ కెంట్ వాళ్లదే.

చట్టం కూడా ఒక చెయ్యి వేసింది. యూరప్‌లో 2013 నుంచి రికార్డింగుల హక్కు 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెరిగింది. కానీ 50 ఏళ్లలోగా విడుదల చెయ్యని పాటకు ఆ రక్షణ ఉండదు. దాంతో మోటౌన్ వాళ్లు సంవత్సరం వారీగా వందల పాటలు గోడౌన్ల నుంచి తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. శుక్రవారం మీటింగుల్లో ఓడిపోయినవి, అర్ధ శతాబ్దం తర్వాత.

పెద్దాయన మెత్తటి గుడ్డతో పళ్లెం తుడిచాడు. గోడకు మేకుకు వేలాడుతున్న చిన్న నోటు పుస్తకం తీసి తేదీ రాశాడు. ఈ రికార్డును ఎప్పుడెప్పుడు వేశాడో అందులో ఉంది. ఇరవై ఏళ్లలో పదకొండు సార్లు. పన్నెండోది నా కోసం. కంప్యూటర్‌లోకి ఎక్కించిన కాపీ ఉందిగా, అది వినిపిస్తే చాలు అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

ముల్లు దిగింది. ముందు గరగర. ఎవరో దూరంగా దగ్గారు. డ్రమ్ మీద నాలుగు దెబ్బలు, తర్వాత పియానో. ఆ అమ్మాయి కొంచెం ముందే అందుకుంది, ఒక్క మాట పాడి ఆగి, మళ్లీ సరైన చోట ఎత్తుకుంది. రెండో చరణంలో గొంతు పైకి వెళ్లి అక్కడే నిలబడింది. ఇరవై ఏళ్లకు మించి ఉండవు ఆ గొంతుకు. రెండు నిమిషాల నలభై సెకన్లు. పాట అయ్యాక, ముల్లు ఎత్తేలోపు, స్టూడియోలో ఒక మగగొంతు ఏదో అంది. అర్థం కాలేదు. ఆమె నవ్వింది.

పెద్దాయన పళ్లెం గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

సాయంత్రం లండన్ రైలెక్కాక తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదకొండు దాటింది. నాన్న మెలకువగానే ఉన్నారు. జరిగినదంతా చెప్పాను. ఆముదం సంగతి విని, "అవునా!" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. మా రికార్డుల సంగతి ఆయనకూ గుర్తొచ్చి ఉంటుంది. 1986లో, క్యాసెట్లు వచ్చి పెళ్లిళ్లలో రికార్డులు అడిగేవాళ్లు లేకపోయాక, మొత్తం రేకుపెట్టెలు పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. సినిమా పాటలే కాదు, ఊళ్లలో మాత్రమే పేరున్న నటుల నాటకపద్యాల రికార్డులు కూడా అందులో ఉండేవి. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. బండి వెనక వీధి చివరి దాకా నడిచాను.

"ముల్లు ఎంత బరువు పెట్టాడు?" అని అడిగారు నాన్న చివరికి.

"చూడలేదు నాన్నా."

"అది చూడాలిరా. బరువు ఎక్కువైతే గాడి పోతుంది." కాసేపాగి అన్నారు, "మీ బాబాయి వాళ్ల అటక మీద ఒక పెట్టె ఉండాలి. దుగ్గిరాల ఉత్సవాలకు తీసుకెళ్లి మళ్లీ తేలేదు. అందులో ఏమున్నాయో నాకు గుర్తులేదు."

రేపే ఫోన్ చేసి అడగమన్నాను. ఆ అటక రేకుల కిందే ఉంది. ఎండలు ముదిరితే రికార్డులు వంగిపోతాయి.

"రేపెందుకు, వాడు పడుకుని ఉండడు, ఇప్పుడే చేస్తా" అని నాన్న ఫోన్ పెట్టేశారు.